వానపాము మురుగునీటిని శుద్ధి చేయునా?

హైదరాబాదు నగరమున పంజాగుట్టకును ఖైరతాబాదుకును నడుమ ఒక మెరక కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున నవాబు ఫక్రుల్ముల్కు ఆ మెరకపై ఒక మేడ కట్టించి, పారశీక భాషలో స్వర్గమనెడి అర్థమిచ్చు "ఇరం" అను పదముతో దానికి పేరు పెట్టెను. అచ్చటి వారు ఆ మెరకను అంతకుముందే ఎర్రగడ్డ అనెడివారనియు, రెండు పేర్ల ధ్వని కలిసివచ్చుటచే ఇరంమంజిల్ కాస్త ఎర్రమంజిల్‌గా స్థిరపడినదనియు చెప్పుదురు. తెలుగువారికి "ఎర్ర" అనగా రంగు మాత్రమే కాదు. వానపాముకును ఎర్ర అని పేరు కలదు. గాలమునకు గుచ్చు ఎర్రను ఎరుగని పల్లె బాలుడుండడు.

నేడు ఎర్రమంజిల్ నీటి కార్యాలయములకు నెలవు. నీటిపారుదల శాఖవారి జలసౌధ ఇచ్చటనే కలదు. ఇంటింటికి త్రాగునీరందించు మిషన్ భగీరథ కార్యాలయమును ఇచ్చటనే కలదు. నదుల నుండి నీటిని ఎట్లు తేవలెను, ఎంత ఎత్తునకు ఎక్కింపవలెను, ఎన్ని ఊళ్లకు పంచవలెను అను లెక్కలు ఈ మెరక మీద జరుగుచుండును. కాని ఇంట వాడిన నీరు ఎచ్చటికి పోవును? ఈ ప్రాంతపు వాలు తూర్పున హుస్సేన్‌సాగరు వైపునకు కలదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, పదునారవ శతాబ్దిలో, త్రవ్వబడి ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన ఆ చెరువులోనికి కూకటుపల్లి, పికెట్, బంజారా, బల్కాపూరు అను నాలుగు నాలాలు వచ్చి చేరుచున్నవి. వాననీటిని తేవలసిన ఈ నాలాలు దశాబ్దములుగా మురుగును మోసినవి. చెరువునకు పట్టిన దుర్గతికి ముఖ్యకారణము ఇదియే.

ఇట్టి స్థితిలో "మురుగునీటికి వానపామే మందు" అను మాట ఇటీవల పత్రికలలోను, పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలోను తరచుగా వినబడుచున్నది. వానపాములున్న మట్టిపాన్పుపై మురుగునీరు పోసినచో క్రింద నుండి తేటనీరు వచ్చునని చూపుదురు. విద్యుచ్ఛక్తి అక్కరలేదందురు. మడ్డి మిగలదందురు. నీరు పూర్తిగా శుద్ధమగునందురు. కొందరు మరియొక అడుగు ముందుకు వేసి, నగరములన్నియు ఈ పద్ధతినే అవలంబింపవచ్చునందురు. ఈ మాటలలో శాస్త్రసత్యమెంత? అతిశయోక్తి యెంత? విద్యార్థికి ఒక యంత్రమును గాని, పద్ధతిని గాని పొగడుట నేర్పుట సులభము. దానిని తూచి చూచుట నేర్పుట కష్టము. ఈ రెండవ పని ఉపాధ్యాయునిది.

మురుగులో ఉన్నదేమి?

మురుగునీటిలో నూటికి 99.9 పాళ్లు నీరే. మిగిలిన 0.1 పాలులోనే చిక్కంతయు కలదు. అందు మలమూత్రములు, అన్నపు మెతుకులు, నూనె, సబ్బు, మట్టి, లెక్కకు మించిన సూక్ష్మజీవులు ఉండును. ఈ సేంద్రియ పదార్థమును సూక్ష్మజీవులు తినును. తినునప్పుడు నీటిలో కరగియున్న ఆమ్లజనిని పీల్చుకొనును. ఒక లీటరు మురుగును జీర్ణము చేసికొనుటకు సూక్ష్మజీవులకు నిర్ణీత దినములలో ఎన్ని మిల్లీగ్రాముల ఆమ్లజని కావలెనో చెప్పు సంఖ్యకు జీవరాసాయనిక ఆమ్లజని అవసరము అని పేరు. ఇంగ్లీషు అక్షరములతో దీనిని బి.ఓ.డి. అందురు.

సామాన్యముగా ఇండ్ల మురుగునందు ఇది లీటరుకు 200 నుండి 300 మిల్లీగ్రాముల వరకు ఉండును. 25 డిగ్రీల వద్ద మంచినీటి లీటరులో కరగియుండగల ఆమ్లజని 8 మిల్లీగ్రాములకు కొంచెము పైన మాత్రమే. అనగా 250 బి.ఓ.డి. గల ఒక బిందెడు మురుగు సుమారు 30 బిందెల మంచినీటిలోని ఆమ్లజనిని పూర్తిగా హరింపగలదు. చెరువులో చేపలు ఒక్కసారిగా తేలుటకు పలుమారు కారణము విషము కాదు, ఊపిరాడకపోవుట. మురుగును శుద్ధి చేయుట యనగా మొదటి అర్థము ఇది: చెరువులో జరుగవలసిన ఈ జీర్ణక్రియను చెరువునకు చేరకముందే, మనుష్యుని అదుపులో, ఆమ్లజని పుష్కలముగా ఉన్న చోట జరిపించుట.

ముందు నడచినవారు

వానపాముల వడపోత నిన్న మొన్న ఊడిపడిన వింత కాదు. దాని వెనుక ఒకటిన్నర శతాబ్దముల చరిత్ర కలదు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లేజింగు, మ్యూంట్సు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గాజుగొట్టమును ఇసుకతోను సున్నపురాతితోను నింపి, దాని గుండా మురుగునీటిని మెల్లమెల్లగా పోనిచ్చిరి. మొదట ఏమియు జరుగలేదు. సుమారు 20 దినముల పిమ్మట మురుగులోని అమోనియా నైట్రేటుగా మారి దిగువకు రాసాగెను. అప్పుడు వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపిరి. మార్పు ఆగిపోయెను. క్లోరోఫారమును తొలగించి, తోటమట్టిని కడిగిన నీటిని కొంచెము చేర్చగా, మార్పు మరల మొదలయ్యెను. ఇసుక కేవలము జల్లెడ కాదనియు, దానిని ఆశ్రయించిన సూక్ష్మజీవులే పని చేయుచున్నవనియు దీనివలన తేలెను. మురుగుశుద్ధికి సంబంధించిన శాస్త్రమంతయు ఈ చిన్న గొట్టములో బీజరూపమున కలదనవచ్చును.

మరి నాలుగేండ్లకు, 1881లో, చార్లెస్ డార్విను వానపాములపై ఒక గ్రంథమును ప్రకటించెను. ఇంగ్లండులోని అనేక ప్రాంతములలో ఎకరము నేలకు ఏటా పది టన్నులకు మించిన పొడిమట్టి వానపాముల శరీరముల గుండా పోయి పైకి వచ్చునని ఆయన లెక్క కట్టెను. వానపాములకు చెవులు లేవు గాని, అదురును అవి గుర్తించునని తెలిసికొనుటకు వానిని కుండలలో ఉంచి, ఆ కుండలను పియానోపై పెట్టి స్వరములు వాయించి చూచెను. ఆయన నేలను గూర్చి చెప్పెను గాని మురుగును గూర్చి చెప్పలేదు. అయినను వానపాము మట్టిని నమిలి, గుల్లచేసి, గాలి చొరనిచ్చు జీవి యను సత్యము ఆ గ్రంథముతో లోకమునకు బాగుగా పట్టుబడెను.

ఇంజనీర్లు మరియొక త్రోవ పట్టిరి. 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెర్ను, లాకెట్టు అనువారు మురుగులోనికి గాలిని ఊది, సూక్ష్మజీవులతో నిండిన మడ్డిని మరల మరల వాడుకొను విధానమును ప్రకటించిరి. నేటి పెద్ద నగరముల శుద్ధికేంద్రములలో అనేకము దాని సంతతియే. 1992లో చిలీ విశ్వవిద్యాలయమున హోసె టోహా అను ఆచార్యుడు ఈ రెండు త్రోవలను ఒకచోట కలిపెను. ష్లేజింగు గొట్టముపై డార్విను వానపాములను ఉంచెనన్నచో తప్పుకాదు. భారతదేశమునను పుణెలో భవల్కరు, బొంబాయి ఐ.ఐ.టి.లో శంకరు మొదలగువారు మట్టి, వానపాములు, సూక్ష్మజీవులు కలిసి పనిచేయు పద్ధతులను పెంపొందించిరి. రూర్కీ ఐ.ఐ.టి.లోను ఈ విషయముపై పరిశోధనలు జరిగినవి.

వడపోత నిర్మాణము

నిర్మాణము సామాన్యమైనది. తొట్టి అడుగున పెద్ద గులకరాళ్లు, వానిపై చిన్న గులకరాళ్లు, వానిపై ఇసుక, అన్నిటికన్న పైన రంపపుపొట్టు లేక కొయ్యతురుము, ఎరువు కలిసిన మెత్తని పాన్పు ఉండును. ఆ పాన్పులో వానపాములు నివసించును. చెత్తను జల్లెడపట్టి తీసివేసిన మురుగునీటిని దానిపై సమముగా చిలుకరింతురు. నీరు కొలది గంటలలో క్రిందికి దిగును. ఒక చదరపు మీటరు పాన్పుపై రోజుకు ఒక ఘనమీటరు, అనగా వెయ్యి లీటర్ల మురుగును పోయుట ఈ పద్ధతిలో తరచుగా కనబడు కొలత.

ఇందుకు వాడు వానపాము విద్యార్థులు జంతుశాస్త్ర పాఠములో చూచు ఫెరిటిమా కాకపోవచ్చును. ఫెరిటిమా మట్టిలో బొరియలు చేసికొని మట్టినే తిను జాతి. ఎక్కువచోట్ల వాడునది ఐసీనియా ఫెటిడా అను ఎర్రని చారలు గల చిన్న వానపాము. కుళ్లుచున్న ఆకులలోను, పెంటలోను, నేల పైపొరలో జీవించుట దానికి అలవాటు. ఎరువుగుంటలలో రైతులు పెంచునదియు చాలవరకు ఇదియే.

మొదటి ప్రశ్న: పని చేయుచున్నది ఎవరు?

"వానపాము మురుగును తినివేయును" అనుట సగము సత్యము. మురుగులోని ఘనపదార్థమును అది తినును. తిన్నది అంతరజఠరములో నలిగి పొడియగును. దాని ప్రేగులోని సూక్ష్మజీవులు కొంత జీర్ణము చేయును. మిగిలినది సన్నని గుళికలుగా బయటికి వచ్చును. కాని మురుగులో పెద్దపాలు నీటిలో కరగియున్నది. కరగిన చక్కెరను గాని, కరగిన అమోనియాను గాని వానపాము ఏరుకొని తినజాలదు. ఆ పనిని ఇసుకకును రాళ్లకును అంటుకొనియున్న జిగురుపొరలోని సూక్ష్మజీవులు చేయుచున్నవి. వానపాములు లేకున్నను ఇట్టి పాన్పు మురుగును చాలవరకు తగ్గించుననుటకు ష్లేజింగు గొట్టమే సాక్షి.

అట్లయినచో వానపాము వలన లాభమేమి? లాభము కలదు, అది చిన్నది కాదు. ఇసుక వడపోతకు పెద్ద శత్రువు పూడిక. కొన్ని వారములలో జిగురుపొర బలిసి, మడ్డి పేరుకొని, రంధ్రములు మూసికొనిపోవును. అప్పుడు నీరు దిగదు, గాలి చొరదు, పాన్పు కుళ్లును. వానపాము ఆ మడ్డిని ఎప్పటికప్పుడు తినివేయుచు, బొరియలు చేయుచు, క్రిందనున్న సూక్ష్మజీవులకు గాలి అందునట్లు చేయును. గుళికలుగా వచ్చిన దాని విసర్జనలు సూక్ష్మజీవులు నిలుచుటకు విస్తీర్ణమును పెంచును. కావున వానపాము ఈ కర్మాగారములో కార్మికుడు మాత్రమే కాదు; బాట తీయువాడును, కిటికీలు తెరచువాడును. దాని గొప్పతనమును సరియైన చోట చెప్పుటవలన అది తగ్గదు.

రెండవ ప్రశ్న: తేటనీరు శుద్ధజలమా?

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయము నుండి 2008లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము ఇట్టి వడపోత బి.ఓ.డి.ని 90 శాతమునకు మించి తగ్గించినది. తేలియాడు ఘనపదార్థము 90 నుండి 95 శాతము వరకు తగ్గినది. ఇవి మంచి ఫలితములు. 250 ఉన్నచోట 90 శాతము పోయినచో 25 మిగులును. 2017లో కేంద్రప్రభుత్వము విధించిన ప్రమాణము ప్రకారము శుద్ధిచేసిన మురుగులో బి.ఓ.డి. మహానగరములందు 20, ఇతరచోట్ల 30 మించరాదు. 2019లో జాతీయ హరిత న్యాయస్థానము 10 మాత్రమే ఉండవలెనని చెప్పినది. అనగా 90 శాతమను మాట చెవికి ఇంపుగా నున్నను, చిన్న ఊరికి అది చాలును. హైదరాబాదు వంటి నగరమునకు చాలదు.

రోగకారక జీవుల విషయమున శాతములు మరింత మోసగించును. నూరు మిల్లీలీటర్ల మురుగులో మలసంబంధమైన కోలిఫారము బాక్టీరియా ఒక కోటి ఉన్నవనుకొందము. 99 శాతము పోయినవనగా ఎవరికైనను సంతోషము కలుగును. కాని మిగిలినవి ఒక లక్ష. 99.9 శాతము పోయినను పదివేలు మిగులును. 2017 నాటి ప్రమాణము వెయ్యికి మించరాదనుచున్నది. కావున 99.99 శాతము పోయినగాని హద్దునకు చేరదు. వానపాముల పాన్పు సాధారణముగా నూటికి తొంబదితొమ్మిది మొదలు వెయ్యింటికి తొమ్మిదివందల తొంబదితొమ్మిది వరకు తగ్గింపగలదు. పిమ్మట క్లోరిను గాని, అతినీలలోహిత కిరణములు గాని, ఎండ తగులు నిలువగుంట గాని కావలసియే యుండును.

ఇది లెక్కల తగవు కాదు. మూసీనది ఒడ్డున మురుగు కలిసిన నీటితోనే పశుగ్రాసమును, ఆకుకూరలను పండించు రైతులు తరతరములుగా ఉన్నారు. వారి పాదములు గంటల తరబడి ఆ నీటిలో నానుచుండును. ఆ కూరలు నగరపు పళ్లెములలోనికి వచ్చుచుండును. నీరు తేటగా నున్నదని చెప్పి ఒక ప్రదర్శనలో బాలునిచే దానిని త్రాగింపజూచుట అజ్ఞానము కాదు, అపరాధము. కలరా, టైఫాయిడు, కామెర్లు కలిగించు జీవులు కంటికి కనబడవు. తేటదనము కంటికి సంబంధించిన గుణము. శుద్ధి సూక్ష్మదర్శినికిని, పరీక్షనాళికకును సంబంధించిన గుణము.

మూడవ ప్రశ్న: నత్రజని, భాస్వరము ఏమైనవి?

గాలి బాగుగా ఆడు పాన్పులో అమోనియా నైట్రేటుగా మారును. దుర్గంధము పోవును. చేపలకు అమోనియా వలని అపాయము తగ్గును. కాని నత్రజని నీటిని విడిచిపోలేదు. వేషము మార్చుకొన్నది, అంతే. భాస్వరము చాలవరకు నీటితోనే వచ్చును. వానపాముల విసర్జనల నుండి కరగి ఒక్కొక్కప్పుడు లోపలికి పోయిన దానికన్న ఎక్కువగా కూడ రావచ్చును.

ఈ నీరు హుస్సేన్‌సాగరు వంటి చెరువులోనికి పోయినచో నాచును, గుఱ్ఱపుడెక్కను పెంచు ఎరువగును. ఆ నాచు చచ్చి కుళ్లునప్పుడు మరల ఆమ్లజని ఖర్చగును. చెరువును కాపాడుటకు చేసిన పని చెరువునకే చేటు తెచ్చును. అదే నీరు తోటకు పోసినచో నైట్రేటును భాస్వరమును మొక్క తినును. తోటమాలి కొనవలసిన ఎరువు తగ్గును. దోషము పరికరమునందు లేదు, నీటిని చేర్చు చోటునందు కలదు. వానపాముల వడపోతను పొగడువారు ముందుగా చెప్పవలసినది నీరు ఎంత తేటగా వచ్చునను మాట కాదు, ఆ నీరు ఎచ్చటికి పోవునను మాట.

నాలుగవ ప్రశ్న: ఖర్చు లేదా? మడ్డి లేదా? చోటు చాలునా?

విద్యుచ్ఛక్తి అక్కరలేదనుట వాలు ఉన్నచోట మాత్రమే నిజము. ఎర్రమంజిల్ వంటి మెరకపై నుండి దిగువనున్న తోటకు నీరు తనంత తాను దిగును. సమనేలపై మురుగును తొట్టిలోనికి ఎత్తి, పాన్పుపై సమముగా చిలుకరించుటకు మోటారు కావలెను. అయినను గాలిని ఊదు పెద్ద యంత్రములతో పోల్చినచో ఖర్చు చాల తక్కువ. "తక్కువ ఖర్చు" అనుటకును "ఖర్చు లేదు" అనుటకును భేదము కలదు.

మడ్డి లేదనుటయు అట్టిదే. దుర్గంధపు మడ్డికి బదులు మట్టివాసన గల విసర్జనలు మిగులును. ఇది ఈ పద్ధతికి గల నిజమైన సుగుణము. కాని పాన్పు పైపొరను అప్పుడప్పుడు తీసి మార్చవలెను. మురుగులో సీసము, కాడ్మియము వంటి లోహములున్నచో అవి మాయము కావు. వానపాముల శరీరములలోను విసర్జనలలోను చేరును. కర్మాగారముల నీరు కలిసిన మురుగు నుండి వచ్చిన ఎరువును పరీక్షింపక కూరమళ్లకు వేయరాదు.

ఇక చోటు. చదరపు మీటరుకు వెయ్యి లీటర్లు చొప్పున, ఒక కోటి లీటర్లకు పదివేల చదరపు మీటర్లు, అనగా ఒక హెక్టారు పాన్పు కావలెను. 2021లో ప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము మహానగరపాలిక పరిధిలో రోజుకు పుట్టు మురుగు 165 కోట్ల లీటర్లు. దానికి 165 హెక్టార్లు, అనగా 400 ఎకరములకు పైబడిన పాన్పు మాత్రమే కావలెను. జల్లెడలు, తొట్లు, బాటలు, పాన్పులకు విశ్రాంతి నిచ్చుటకు వలయు అదనపు చోటు ఇందు చేరలేదు. అంబరుపేటలోని పెద్ద కేంద్రము శక్తి రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఆ ఒక్క కేంద్రమునకు బదులుగా సుమారు 84 ఎకరముల వానపాముల పాన్పు పరచవలసియుండును. గజముల లెక్కన నేల అమ్ముడగు నగరమున ఇది జరుగు పని కాదు.

ఇదే లెక్కను చిన్నదానికి వేసి చూచినచో చిత్రము మారిపోవును. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావలెననియు, అందు 80 శాతము మురుగుగా వచ్చుననియు ఇంజనీర్లు సామాన్యముగా లెక్క కట్టుదురు. ఆ ప్రకారము మనిషికి 108 లీటర్లు. 500 మంది ఉండు వసతిగృహమునకు 54 వేల లీటర్లు. దానికి వలయు పాన్పు 54 చదరపు మీటర్లు, అనగా 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల ఒక గది అంత. ఇది ఏ వసతిగృహపు పెరటిలోనైనను పట్టును.

ఐదవ ప్రశ్న: వాతావరణము

ఐసీనియాకు హాయి 15 నుండి 25 డిగ్రీల మధ్య. 35 దాటినచో దాని ప్రాణమునకే అపాయము. హైదరాబాదులో ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. తడిపాన్పు కొంత చల్లగా నుండును, నీడ వేసినచో మరికొంత చల్లబడును. వేడికి తాళుకొను యూడ్రిలస్ యూజీనియే, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ వంటి జాతులును కలవు. చలిదేశపు ఫలితములను యథాతథముగా ఇచ్చటికి దింపరాదు.

వానపాము చర్మముతో ఊపిరి పీల్చును. కావున ఎండినను చచ్చును. గాలి చొరక నీరు నిలిచినను చచ్చును. ఇంట విరివిగా వాడు ఫినాయిలు, బ్లీచింగుపొడి, ఎక్కువైన సబ్బునీరు దానికి గిట్టవు. ఆసుపత్రుల నుండి, ప్రయోగశాలల నుండి, రంగుల అద్దకము చేయు చోట్ల నుండి వచ్చు నీరు కలిసిన సాధారణ నాలా నీటిని దానిపై పోయుట వానపాములను చంపుటయే. సూక్ష్మజీవి పోయినచో కొన్ని దినములలో మరల పెరుగును. వానపాముల సంతతి నిలదొక్కుకొనుటకు నెలలు పట్టును.

ఈ పద్ధతి ఎచ్చట తగును?

ఇన్ని అభ్యంతరములు చెప్పుట ఈ పద్ధతిని త్రోసివేయుటకు కాదు. 2021 నాటి లెక్కలలోనే మరియొక సంఖ్య కలదు. ఆనాడు నగరములోని 25 కేంద్రములు శుద్ధి చేయుచుండినది రోజుకు 77.2 కోట్ల లీటర్లు మాత్రమే. మిగిలిన సుమారు 88 కోట్ల లీటర్లు నాలాల గుండా, చెరువుల గుండా మూసీకి పోవుచుండెను. అదే సంవత్సరము 3,866 కోట్ల రూపాయల అంచనాతో, రోజుకు సుమారు 126 కోట్ల లీటర్ల శక్తి గల 31 క్రొత్త కేంద్రములకు ప్రభుత్వము అనుమతి నిచ్చినది. 2023 నుండి అవి ఒకటొకటిగా పని ప్రారంభించినవి. ఇట్టి కేంద్రములు లేక నగరము బ్రదుకజాలదు. వానపాము వాటికి ప్రత్యర్థి కాదు.

కాని కాలువ చేరని చోట్లు ఎన్నియో కలవు. నగరపు అంచున పెరుగు కాలనీలు, గురుకుల పాఠశాలలు, పల్లెలు, తోటల నడుమ కట్టిన వసతిగృహములు అట్టివి. అచ్చటి మురుగులో రసాయనములు తక్కువ. నీటిని వాడుకొనుటకు ప్రక్కనే చెట్లున్నవి. అట్టిచోట ఈ పద్ధతి నిజముగా అక్కరకు వచ్చును. మహారాష్ట్ర గ్రామములలో ఐసీనియాను మరుగుదొడ్డి గుంటలోనే ఉంచి, మలమును అక్కడికక్కడే ఎరువుగా మార్చు ప్రయత్నములు జరిగినవి. గుంటను మనిషి దిగి శుభ్రపరచవలసిన హీనస్థితిని ఏ పద్ధతి కొంచెమైనను తగ్గించునో, ఆ పద్ధతికి శాస్త్రమునకు మించిన విలువ కలదు.

పోల్చి చూచుటకు వేరు మార్గములును కలవు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పల్లె మురుగును గులకరాళ్లలో నాటిన నీటిమొక్కల మడుల గుండా పంపి, పైరుకు పనికివచ్చునట్లు చేయు పద్ధతిని పరిశీలించిరి. నెక్నాంపూరు చెరువుపై 2018లో తేలియాడు మొక్కల తెప్పను ఉంచిరి. అచ్చట మొక్క నత్రజనిని తినును. ఇచ్చట వానపాము మడ్డిని తినును. ఒకదాని లోపమును మరియొకటి పూరింపగలదు. వానపాముల పాన్పు నుండి వచ్చిన నీటిని మొక్కల మడి గుండా పంపుట ఈ రెండింటికి తగిన పెండ్లి.

తరగతిగదిలో పరీక్ష

పాఠశాలలో ఈ విషయమును చూపగోరు ఉపాధ్యాయుడు ఒక బక్కెటుతో ఆగరాదు. రెండు బక్కెట్లు తీసికొనవలెను. రెండింటిలోను రాళ్లు, ఇసుక, ఎరువు ఒకే తీరుగా నింపి, ఒకదానిలో మాత్రమే వానపాములను వదలవలెను. నిజమైన మురుగును పిల్లల చేతికి ఇయ్యరాదు. బియ్యము కడిగిన నీరు చాలును. రోజూ రెండింటికి సమానముగా పోసి, మొదటి మూడు వారముల ఫలితమును లెక్కలోనికి తీసికొనక, సూక్ష్మజీవులు స్థిరపడునంతవరకు ఆగవలెను.

పిమ్మట మూడు సీసాలు తీసికొని, పోసిన నీటిని, రెండు బక్కెట్ల నుండి వచ్చిన నీటిని మూతివరకు నింపి, ఒక్కొక్కదానిలో సమానముగా మిథిలీన్ బ్లూ చుక్కలు వేసి, గాలి చొరకుండ బిగించి చీకటిలో ఉంచవలెను. నీటిలో కుళ్లు పదార్థము ఎక్కువగా నున్నచో ఆమ్లజని త్వరగా ఖర్చయి నీలిరంగు విరిగిపోవును. రంగు ఎన్ని దినములు నిలిచిన నీరు అంత నెమ్మదించినదని అర్థము. రెండు బక్కెట్లకు భేదము తక్కువగా కనబడినచో నిరాశపడరాదు. సూక్ష్మజీవుల పని ఎంతటిదో అప్పుడు తెలియును. రెండు నెలలు గడచిన పిమ్మట ఏ బక్కెటులో నీరు త్వరగా దిగుచున్నదో చూచినచో, వానపాము పని ఎంతటిదో తెలియును.

వానపాము గొప్ప జీవి. దానిని దేవతగా చేయుటవలన దానికి మేలు లేదు, నగరమునకును మేలు లేదు. తగని చోట వేసిన పాన్పు ఒక వేసవిలో కుళ్లిపోయినచో, "ఈ పద్ధతి పనికిరాదు" అను మాట పుట్టి, తగిన చోట్లకు కూడ అది అందకుండ పోవును. అతిశయోక్తి వలన కలుగు నష్టము ఇదియే. ఎంత నీరు, ఎట్టి నీరు, ఎంత చోటు, ఏ కాలము, పిమ్మట ఎచ్చటికి అను ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన చోట ఎర్ర తన పని తాను చేసికొనిపోవును. ఆ ప్రశ్నలు అడుగుట మనిషి పని.